దారిలోనే కదా

"సముద్రమా, మంచా?" అని అడిగింది ఆమె, చెవి మీది పెన్సిలు తీసి కాగితం ముందుకు లాక్కుంటూ.

"సముద్రం వద్దు," అంది పాప వెంటనే.

అయితే మంచే. మంచి మాట కూడాను. సముద్రం రోజంతా ప్రయాణం, మంచుకొండ అయితే ఐదు గంటల్లో చేరిపోవచ్చు.

ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే కంపెనీలో గుడ్డ కత్తిరిస్తుంది. నలభై చొక్కాలొచ్చే తానులో నలభై రెండు తీస్తుందని అక్కడ పేరు. బల్ల మీద ముక్క మిగిలిందంటే ఆ పూట ఆమెకి ముద్ద దిగదు. శని, ఆదివారాల ప్రయాణాన్ని కూడా అలాగే కొలిచి గీసింది, ఎక్కడా జానెడు వృథా పోకుండా.

కొండ మీద గదుల అద్దె వింటేనే కళ్ళు తిరిగాయి. కొండ కింద, పెట్రోలు బంకు వెనక లాడ్జి అయితే అందులో మూడో వంతు. హీటరుకి మాత్రం వేరే ఇవ్వాలట.

"ముగ్గురం ఒకే మంచం మీద ముడుచుకుంటే హీటరెందుకు?" అంది. భర్త నవ్వాడు. ఈ మధ్య ఆయన నవ్వడమే అరుదు.

ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఏ ఇంట్లో ఎంత కాలుతోందో ఇట్టే చెప్పేస్తాడు. సొంత ఇంట్లో మాత్రం గట్టిగా ఓ మాట పెగలదు.

"వచ్చే నెల పెట్టుకుంటే? చలి కాస్త తగ్గుతుంది," అన్నాడు.

"వచ్చే నెలకి నాకు ఆరో నెల. అంతసేపు కారులో నడుం నిలబెట్టి కూర్చోగలనా? అసలు చలి తగ్గితే మంచెక్కడుంటుంది? మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

కాగితం మీద చివరి వరస దగ్గర ఆయన వేలు ఆగింది. ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. అక్కడ ఇంకేమీ రాసి లేదు.

"ఇది కూడా ఇందులోనే పెట్టాలా?" గొంతు తగ్గించి అడిగాడు.

"దారిలోనే కదా. ఆ ఒక్క పని కోసం మళ్ళీ ప్రత్యేకంగా రానూ పోనూ పెట్రోలు తగలేస్తామా?"

ఆయన ఆ వరస మీంచి వేలు తీసేశాడు.

"ఒక్కటి మాత్రం చెబుతున్నా," అంది ఆమె. "ఈ రెండు రోజులూ పిల్ల కంట నీటిచుక్క కనపడకూడదు. ఆడుకోవాలి, నవ్వాలి. పెద్దయ్యాక కూడా తల్చుకోవాలి."

కాగితం మడిచి, పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంది.

పాపకి కొత్త కోటు కొందామన్నాడు భర్త. ఒక్క పూట మంచుకి కోటేమిటని తన పాత స్వెటరే తొడిగి, చేతులు మూడు మడతలు పెట్టింది. అది పాపకి మోకాళ్ళు దాటింది. "కోటు కంటే ఇదే నయం," అంది, పాపని అటూ ఇటూ తిప్పి చూసి.

"రాత్రి అక్కడే పడుకుంటామా?" అని అడిగింది పాప.

"ఆఁ, లాడ్జిలో!"

ఎగిరి గంతేస్తుందనుకుంది. పాప తల ఊపి, లోపలికెళ్ళి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. వేసవి గౌన్లు, రంగు పెన్సిళ్ళు, ఎప్పుడో బిగుతైపోయిన బూట్లు, పళ్ళు తోముకునే బ్రష్షు, ఒక్కటీ వదల్లేదు.

"రెండు రోజులకి ఇల్లంతా మోసుకొస్తావేమే?"

"ఉండనీ అమ్మా."

ఆ సర్దుడు ఎలాగా అని ఆమె వారం నుంచీ తల పట్టుకుంటూనే ఉంది. అడక్కుండానే ఓ పని తప్పింది. తనే సంచి జిప్పు లాగేసింది.

ప్రయాణం గీసిన గీత మీదే నడిచింది. కొండ మీదికి తీగ మీద వేలాడుతూ వెళ్ళే రోప్‌వే బండిలో ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్టు లేదు. పాపకి ఐదు నిండి రెండు నెలలు. టికెట్లిచ్చే అతను కిటికీలోంచి తల బయటికి పెట్టి వయసు అడిగితే, "నాలుగున్నర," అంది పాప, తడబడకుండా. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఆ పిల్లకి సాటి లేదు.

మంచులో తండ్రీ కూతుళ్ళు ఒళ్ళు తెలియకుండా ఆడారు. మంచు మనిషికి ముక్కు లేదని పాప తన బ్రెడ్డు ముక్క పెట్టింది. పాప పకపకా నవ్వుతుంటే ఆమె సెల్లులో పదకొండు ఫోటోలు తీసింది.

దిగేటప్పుడు మలుపుల్లో ఆమెకి కడుపులో తిప్పింది. కారు ఆపించి, రోడ్డు పక్కన వంగి కూర్చుంది. పాప కూడా దిగి, చిన్న చేత్తో వీపు రాసింది.

"లోపల బాబు నిద్రపోతున్నాడా?"

"ఆఁ."

"అయితే మెల్లగా మాట్లాడతా."

ఆదివారం మధ్యాహ్నం కారులోనే గుడ్లు, బ్రెడ్డు తిన్నారు. రాత్రికని ఆమె రెండు పొట్లాలు పక్కన పెట్టింది. భర్త వాటిని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సరిగ్గా మూడింటికి ఓ చిన్న ఊరి చివర, ఇనుప గేటు ముందు కారు ఆగింది. లోపల తీగ మీద ముప్ఫై దాకా చిన్న గౌన్లు ఆరేసి ఉన్నాయి, అన్నీ ఒకే తానులోవి.

ఆమె వెనక్కి తిరిగింది. వారం రోజులుగా కూడబలుక్కున్న మాటలు నాలుక చివరికొచ్చాయి. వాటి అవసరం పడలేదు. పాప అప్పటికే స్వెటరు విప్పి, మడతపెట్టి, సీటు మీద ఉంచి, సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. కంట నీటిచుక్క లేదు.

గేటు తీసిన ముసలి వాచ్‌మన్‌తో, "నేనే తాతా! ఇదివరకటి అమ్మ సముద్రం చూపించి తిరిగిచ్చేసింది కదా, ఈ అమ్మ మంచు చూపించింది," అంది పాప.