మారిన హాజరు

"నా మొగుడు పనికి రాలేదా? ఏందయ్యా ఆ మాట?" రూతమ్మ రెండు చేతులతో మేనేజరు బల్లను చరిచింది.

నిన్న పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో మందు పేలి ఆమె భర్త ఏసోబు చనిపోయాడు. ఈ పొద్దున అతన్ని సమాధి చేసి, ఆమె అట్నుంచటే క్వారీ ఆఫీసుకు వచ్చింది. వెంట వచ్చిన ముప్పై మంది కూలీలు వరండాలో నిలబడ్డారు.

"గొంతు తగ్గించు," అన్నాడు మేనేజరు రాఘవయ్య. "నిన్నటి హాజరులో వాడు లేడు. డ్యూటీలో లేనోడు క్వారీలోకి ఎందుకు దిగినట్టు? తాగి దిగుంటాడు."

"నీ నోరు పడిపోను! చుక్క ముట్టని మనిషిని పట్టుకోని తాగాడంటావా? పొద్దున్నే నా చేత్తో సద్ది కట్టి పంపిచ్చా. యూనియన్ పెట్టిన కాడ్నుంచి నీ కంట్లో నలుసైనాడు. పానం పోయింది చాలక పేరు గూడా తీసేస్తావా? నీ డబ్బులు నాకొద్దు. పనికొచ్చి పోయాడని రాయి!"

"నేను రాసేదేంది? ఇప్పుడంతా కంప్యూటరే. మనుషులు అబద్ధాలాడతారు, మిషను ఆడదు. సాబిరా, నిన్నటి హాజరు తీసి దీని మొహాన కొట్టు!"

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఆ ఆఫీసుకు కంప్యూటరు వచ్చి ఆర్నెల్లే అయింది. దాని ముందు కూర్చునే సాబిరా మీటలు నొక్కింది. ప్రింటరు గరగరలాడి కాగితం కక్కింది. అది చూసి ఆమె తలెత్తింది.

"సార్, ఏసోబన్న పేరు మీద రెండు వరసలున్నాయి."

"రెండేంది?"

"ఎవరన్నా ఏదన్నా దిద్దితే, అంతకుముందు ఏముందో, దిద్దినాక ఏముందో, రెండూ దానంతటదే దాచుకుంటది సార్. ప్రోగ్రాం రాసినోళ్లు అట్టా పెట్టారు. పాత వరసలో వచ్చాడని ఉంది. కొత్త వరసలో రాలేదని ఉంది. దిద్దింది మీ పాస్‌వర్డుతో."

కూలీలు లోపలికి తోసుకొచ్చారు. రూతమ్మ మేనేజరు చొక్కా పట్టుకుంది.

"వదలవే!" రాఘవయ్య గింజుకున్నాడు. "అవును, దిద్దా! మనిషి పోయాడని తెలియంగానే కంగారులో దిద్దా. కంపెనీ మీదికి కేసు రాకుండా చూసుకోవద్దా? మహా అయితే నా ఉద్యోగం పోద్ది. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

సాబిరా కాగితం చివరనున్న అంకెలు ఇంకోసారి చదువుకుంది.

"సార్, మీరు దిద్దింది నిన్న పొద్దున తొమ్మిదీ పదికి," అంది. "మందు పేలింది పదకొండింటికి గదా?"