సెలయేటి గుహలో వాటా

ఏటా వేసవిలో వారం రోజులు సెలయేటి పక్కనున్న చల్లటి గుహలో ఉండే తన హక్కును ముంగిస ఒక్క జామపండుకే ఇచ్చేస్తానంది. ఉడుత సంబరంగా పండు తెచ్చిచ్చింది. ముంగిస వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

వానలు మొదలవగానే గుహ యజమాని ఏదుపంది ఉడుత తొర్ర ముందు నిలబడింది. "గుహ బాగుచేయాలమ్మాయ్. నీ వంతు బుట్టెడు గింజలు తీయి."

"నేనింకా అక్కడ కాలే పెట్టలేదు మామా!"

"పెట్టకపోయినా ఇవ్వాల్సిందే. హక్కుతో పాటు ఇదీ కొన్నావు. ఏటేటా పెరుగుతుంది కూడా."

ఉడుత బుట్టెడు గింజలు ఇచ్చుకుంది. హక్కును ఊరికే ఇచ్చేస్తానంటూ అడవంతా తిరిగింది. ఒక్కరూ తీసుకోలేదు.

మరుసటి ఏడు ఏదుపంది ఇంకా పెద్ద బుట్టతో వచ్చింది.

"నేను చచ్చేదాకా ఇంతేనా మామా?" ఉడుత అడిగింది.

ఏదుపంది తొర్రలోకి తొంగి చూసింది. లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నిద్రపోతున్నాయి.

"ఆ తర్వాత వీళ్ళున్నారుగా," అంది.