వాలు లేని పార్కింగు

రాత్రంతా కురిసిన ఆకాశం ఆ ఉదయం ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తోంది.

వచ్చే వారం తెరవాల్సిన దుకాణాల ముందు, తను కొత్తగా తారు వేసిన పార్కింగులో కాంట్రాక్టరు ప్యాంటు పైకి మడుచుకుని నిలబడ్డాడు. చుట్టూ చీలమండల లోతు నీళ్ళు. ఆ నీళ్ళు పోవాల్సిన కాలువ మూత ఒక్కటే పొడిగా ఉంది. దానిమీద ఓ కాకి కాళ్ళు తడవకుండా కూర్చుంది.

“అద్దంలా వేశానన్నారు!” అన్నాడు దుకాణాల యజమాని.

“అద్దమేనండీ. నా మొహం బాగా కనిపిస్తోంది.”

“వేళాకోళం చాలు. ఇది ఎవరి నిర్వాకం? ఆ మనిషి మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టకూడదు.”

కాంట్రాక్టరు నోరు తెరిచేలోపే, రోలరు నడిపే బావమరిది ముందుకొచ్చాడు. “నాదేనండీ. ఇష్టమొచ్చినట్టు తొక్కించాను.”

కాంట్రాక్టరు తెల్లబోయాడు. తారు వేసిన రోజు, “బావా, కాలువ వైపు కాస్త వాలు పెడదాం” అని బతిమాలింది వీడే. “పాతికేళ్ళ అనుభవం నాది, నాకే నేర్పుతావా?” అని కసిరింది తను. రసమట్టంలో బుడగ నడిమధ్యకొచ్చేదాకా పట్టుబట్టి చదును చేయించాడు కూడా.

“వాడిది కాదండీ,” అన్నాడు. “వాలు పెట్టమని వాడు మొత్తుకున్నాడు. నా అనుభవానికి జడిసి నీళ్ళు వాటంతటవే పోతాయనుకున్నాను. వెళ్ళాల్సింది నేను. వాణ్ణి ఉంచుకోండి.”

యజమాని ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. “ఇద్దరూ తవ్వండి. ఈసారి అతను చెప్పినట్టు.”

మధ్యాహ్నం కాంట్రాక్టరు క్యారేజీ విప్పి, మొదటి గిన్నె బావమరిది వైపు జరిపాడు.