పిట్ట దొరికే కెమెరా

మూడో షాపు మెట్లెక్కేసరికే ఆవిడ ఓపిక సగం అయిపోయింది.

మొదటి షాపులో ఆవిడ నోరు విప్పకముందే అంకెలు చదవడం మొదలుపెట్టారు. ఇన్ని మెగాపిక్సెళ్ళు, అన్ని మోడ్‌లు అంటూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊదారు. రెండో షాపులో నెరిసిన జుట్టు చూసి, ఇంట్లో ఎవరైనా చిన్నవాళ్ళుంటే వెంటబెట్టుకు రమ్మన్నారు.

ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేసి కిందటి నెలే రిటైరయింది. ఉద్యోగమంతా గొంతులతోనే గడిచిపోయింది. ఎన్ని వేలమందికి మాట కలిపిందో, అందులో ఒక్కరి మొహమూ ఎరగదు. ఇప్పుడు తీరిగ్గా కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడితే, ఎదురు మేడ నీళ్ళ ట్యాంకు మీద పిట్టలు వాలుతున్నాయి. అందులో తోక ఆడించేది ఒకటుంది. దాన్ని ఫోటో తీయాలని బుద్ధి పుట్టింది. ఫోన్‌తో తీస్తే ఆవగింజంత పడింది. పెద్దది చేసి చూస్తే అలికేసినట్టుంది.

కెమెరా కొంటానంటే భర్త నవ్వాడు. చేతిలో ఫోన్ ఉండగా కెమెరా ఏమిటి, కాళ్ళుండగా కర్రలు కట్టుకుని నడిచినట్టు అన్నాడు. దాంతో ఆవిడకి పట్టుదల ఇంకా పెరిగింది. వట్టి చేతులతో ఇంటికి వెళ్తే ఆ నవ్వు ఎన్నాళ్ళు భరించాలో!

ఈ షాపు రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంది. లోపల ఒక్క మనిషే ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు, మడత నలగని చొక్కా. జేబురుమాలుతో కౌంటరు అద్దం తుడుస్తున్నాడు. ఆవిడని చూసి స్టూలు ముందుకు జరిపాడు.

"కూర్చోండమ్మా. కెమెరా దేనికి కావాలి?"

దేనికని అడిగినవాడు పొద్దుటినుంచీ ఇతనొక్కడే. ఆవిడ పిట్ట సంగతి చెప్పింది. తనకి ఓనమాలు కూడా రావని, ఎక్కువ పెట్టలేనని దాచకుండా చెప్పేసింది.

కళ్ళజోడాయన కౌంటరు మీద ఉన్నవాటిలోంచి మూడు ఎంచి ఆవిడ ముందు వరసగా పెట్టాడు. మొదటిదాన్ని ఆవిడ చేతికిచ్చి, అర నిమిషం అలాగే పట్టుకోమన్నాడు. మణికట్టు లాగేసింది. ఇంత బరువు రోజూ ఎత్తరు, బీరువాలో పెట్టేస్తారని దాన్ని పక్కకి నెట్టాడు. రెండోది పలచగా, ఎర్రగా, ముద్దొచ్చేలా ఉంది. ఆవిడకి మనసైంది కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"జూమ్ రెండు రకాలమ్మా. ఒకటి లెన్సు కదిలి పిట్టని నిజంగా దగ్గరికి తెస్తుంది. రెండోది పడిన బొమ్మనే రబ్బరులా సాగదీస్తుంది. దీనిది సాగదీసే రకం."

ఫోన్‌లో పిట్ట ఎందుకు అలుక్కుపోయిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

మూడోది బూడిదరంగుది. చూపులకి ఏమంత గొప్పగా లేదు. రెండేళ్ళ కిందటి మోడల్ కాబట్టి ధర దిగిందని, లెన్సు మాత్రం చక్కనిదని ఆయన చెప్పాడు. పైనున్న చక్రాన్ని ఆకుపచ్చ గుర్తు దగ్గర పెట్టేసి, ఏడాది దాకా దాన్ని కదపొద్దన్నాడు. వెలుతురు సంగతీ దూరం సంగతీ అదే చూసుకుంటుందట. మెగాపిక్సెళ్ళ మాటేమిటని ఆవిడ అడిగితే, గోడంత ఫోటో వేయించుకునేవాళ్ళు పడాల్సిన బెంగ అది, మీకెందుకన్నాడు. వానలో తడిస్తే ఏమవుతుందని అడిగితే మాత్రం పెట్టెలోని చిన్న పుస్తకం తీసి, వేలు పెట్టి చదివి చెప్పాడు.

"మీరు ఇంట్లో ఏది వాడతారండీ?" అంది ఆవిడ.

ఆయన చిన్నగా దగ్గాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"నా సంగతికేం లెండి. మీ చేతికి ఏది నప్పుతుందో అది చూద్దాం."

ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. వీధి అవతల తీగ మీద పావురం ఒకటి రెక్కలు దువ్వుకుంటోంది. ఆవిడ మోచేతులు పొట్టకి ఆనించి, ఆయన చెప్పినట్టే ఊపిరి బిగబట్టి నొక్కింది. తెరమీద పావురం పడింది. గుండ్రటి కన్ను, ఆ కంటి చుట్టూ సన్నటి నారింజరంగు గీత కూడా కనిపిస్తున్నాయి. ఆవిడ తెరని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇదే తీసుకుంటాను," అంది చివరికి. ఆ వెంటనే పాత అనుమానం తలెత్తింది. "ఇంకో నెల ఆగితే ఇంతకంటే మంచిది వస్తుందేమో?"

"వస్తుంది. ఆ పై నెల దాన్ని మించింది వస్తుంది. అలా చూస్తూ కూర్చుంటే పిట్ట ఎగిరిపోతుందమ్మా."

కాస్త తగ్గించమంటే అది తన చేతిలో లేదన్నాడు. బిల్లు రాసేమనిషి భోజనానికి వెళ్ళాడట, ఇప్పుడే వస్తాడట. అన్నట్టే కాసేపటికి బట్టతలాయన ఒకడు కర్చీఫుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, కౌంటరు వెనక్కి వెళ్ళి బిల్లు పుస్తకం తీశాడు. అడక్కుండానే కొంత తగ్గించి, ఒక సంచీ కూడా ఊరికే ఇచ్చాడు.

ఆవిడకి మనసు నిండిపోయింది. వెళ్ళేముందు బట్టతలాయనతో ఒక మంచిమాట చెప్పాలనిపించింది.

"మీ యజమాని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు బాబూ. ఇలాంటివారి దగ్గర పనిచేయడం మీ అదృష్టం."

బట్టతలాయన ఆవిడ వంక చూశాడు. తర్వాత కళ్ళజోడాయన వంక చూసి, నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"నెలరోజుల నుంచి రోజూ వస్తున్నారు, మీ మొదటి కెమెరా ఏదో ఇవాళైనా తేల్చుకున్నారా సార్?"