గాజు గూడు

“మా బాపు పేరే పెట్టాలె. కుర్మయ్య అని. ఇగ అంతే!” అన్నాడు గోవర్ధన్ మళ్లీ.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి అనంతమ్మ తలెత్తింది. “బతికినన్ని దినాలు ఆయన పేరు నోటితోని పలుకలె నేను. ఇప్పుడు ఒక పురుగును పట్టుకొని పిలువాల్నా?”

“పురుగు కాదు నానమ్మా.” శిరీష లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. “రేడియోలేరియన్. సముద్రంల ఉంటది. ఉప్పురవ్వ కంటె చిన్నది. తన లోపల గాజుతోని గూడు కట్టుకుంటది.”

తెరమీద జల్లెడలాంటి గాజు బంతి, చుట్టూ సన్నటి ముళ్లు. ఆ తొండుపల్లి ఇంట్లో శిరీష తప్ప సముద్రం చూసినవాళ్లు లేరు గానీ, వారం నుంచి అందరికీ దాని ధ్యాసే.

“నీ పేరే పెట్టుకో అక్కా, లొల్లి ఒడుస్తది,” అన్నాడు తమ్ముడు వీరేందర్.

“కనిపెట్టినోళ్లు సొంత పేరు పెట్టుకోరు రా, మర్యాద కాదు. అయినా ముందు ఇది కొత్తదని తేలాలె. బొమ్మ ఒక్కటే చాలదు, అసలు గూడు చూపెట్టి వివరం రాయాలె. ఎవరన్న ముందే రాసి ఉంటే నా కష్టమంత వట్టిదే. వీటి సంగతి తెలిసిన పెద్ద సార్లందరిని అడిగిన. విశాఖ సార్ ఒక్కరే ఇంక చెప్పలే.”

ఇంటి మీదుగా విమానం పోయింది. అలవాటుగా అందరూ ఆగారు.

“పొద్దుగాల బ్రోకర్ గూడ గిట్లనే ఏందో బొమ్మ చూపెడ్త అన్నడు,” అంది అనంతమ్మ.

గోవర్ధన్ నవ్వాడు. ఎయిర్‌పోర్టు పక్కన భూమి ఉన్నాక, కాగితం చుట్ట పట్టుకుని గేటు ముందుకు వచ్చేవాడెవడైనా ప్లాట్ల బ్రోకరే.

“ముసలాయన. అమ్మాయిగారితో మాట్లాడాలండీ అంటడు. జాగ అమ్మేది లేదు, నడువుమన్న. నీళ్లడిగితే గూడ ఇయ్యలే, ఇచ్చినమంటే కూసుంటరు వీళ్లు. లేఔట్ కాగితం గేటుకు చెక్కిపోయిండు.”

“ఏది?” అంది శిరీష.

“గిదే.” అనంతమ్మ ఈనెలు వేస్తున్నది దానిమీదే.

శిరీష ఈనెలు దులిపి కాగితం తిరగేసింది. గోవర్ధన్ వంగి చూశాడు. ప్లాట్లు లేవు, రోడ్లు లేవు. పసుపెక్కిన కాగితం మీద పెన్సిలుతో గీసిన గాజు బంతి. అవే ముళ్లు.

శిరీష ముఖం పాలిపోయింది. కింద రాసిన నంబరుకు ఫోన్ చేస్తూ వాకిట్లోకి పరుగెత్తింది.

గోవర్ధన్‌కు ముక్కలు ముక్కలుగా వినబడింది.

“అయ్యో సార్... విమానం ఎక్కిన్రా?... ఒక్కటే దొరికిందా?... పగిలిపోయిందా!... నా దగ్గర చానా ఉన్నయి సార్... నేనా?”

పైన ఇంకో విమానం. మిగతాది వినబడలేదు. బిడ్డ కష్టం మట్టిలో కలిసిందేమోనని అతను గుమ్మం దాకా నడిచాడు.

శిరీష ఎగురుకుంటూ లోపలికి వచ్చింది. కళ్లలో నీళ్లు, ముఖం నిండా నవ్వు.

“కొత్తదే నాన్నా! లోకంల ఎవ్వరు రాయలే!”

వీరేందర్ ఈల వేశాడు. అనంతమ్మ ఒళ్లో చిక్కుడుకాయలన్నీ నేలపాలయ్యాయి.

“అయితే కుర్మయ్యనే...”

“కాదు నాన్నా.” శిరీష ఆ కాగితాన్ని గోడకు ఆనించి పట్టుకుంది. అందరి వైపూ చూసి మెల్లగా చెప్పింది. “దీనికి విశాఖ యేసురత్నం సార్ పేరు పెడుతున్న. నానమ్మా, నువ్వు నీళ్లియ్యకుండ పంపినాయన, నేను పుట్టకముందే దీన్ని కనిపెట్టి, ఇయ్యాల ‘ఇది నీదేనమ్మా’ అని చెప్పనీకె మన గేటుదాక వచ్చిండు.”