ఒకే మాట

“మా వైపు నుంచి లైను బాగానే ఉందండి,” అంది ఫోన్ ఆఫీసు అమ్మాయి.

“బాగుంటే ఈ గరగరేమిటమ్మా?”

జవాబు ఇసుకలో నీళ్లలా ఇంకిపోయింది. లైను తెగింది. కొన్నాళ్లుగా ఇదే వరస. బ్రాడ్‌బ్యాండ్ పెట్టె మీద ఎర్రదీపం ఆరదు. ఫోను కాసేపు పలుకుతుంది, కాసేపు మూగనోము పడుతుంది. సెల్లుకేమో ఆ ఇంట్లో సిగ్నల్ అందదు.

మరో రోజైతే ఆమె విసుక్కుని ఊరుకునేది. ఇవాళ తమ్ముడి కుడిచెయ్యి ఆ తీగ మీద వేలాడుతోంది.

తమ్ముడు దుకాణాలకు బోర్డులు రాస్తాడు. పొద్దున ఇనుప షట్టరు జారి చేతిమీద పడింది. సాయంత్రం దాకా చూస్తామన్నాడు డాక్టరు. రక్తం ఆడితే సరే, లేకపోతే ఫోన్ చేస్తాడు. వాడు మత్తులో ఉంటాడు కాబట్టి మాట అక్కదే. కోతకు ఆమె ఒప్పుకుంటే చెయ్యి పోతుంది, ప్రాణానికి భయముండదు. ఒప్పుకోకపోతే వెంటనే పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ చేతిని నిలబెట్టడానికి ఇంకో ప్రయత్నం చేస్తారు.

స్ట్రెచర్ మీంచి వాడు ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని, “అక్కా, నా చెయ్యి పోనివ్వకు,” అన్నాడు. పోనివ్వనని మాటిచ్చింది. మంచం దిగలేని తల్లి ఇంట్లో ఒక్కతే ఉందని వచ్చి, ఫోను ముందు కూర్చుంది. పెద్దాసుపత్రికే పంపమని చెప్పాలి. తనే డాక్టరుకు చేద్దామంటే, నంబరు సగం నొక్కేసరికి మళ్లీ గరగర.

పైవాటా పిన్నిగారు పనికి వెళ్తూ గుమ్మంలోంచి తొంగి చూసింది. సంగతి విని, చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చింది.

“బాగుచెయ్యమని బతిమాలితే వాళ్లెందుకొస్తారే? కనెక్షన్ తీసెయ్యమను. కాళ్లకు చక్రాలు కట్టుకుని వస్తారు.”

“నాకీ లైను కావాలి పిన్నిగారూ.”

“కావాలి కాబట్టే వద్దనాలి. వాళ్ల పైవాడు ఫోన్ చేస్తాడు. మెత్తగా మాట్లాడతాడు, ఆలోచించుకోమంటాడు. కరిగావో, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఒకే మాట మీద ఉండు. అసలే నీకు మొహమాటం.”

ఆ చివరి మాట ముల్లులా దిగింది. నిజమే. ఎదుటివాళ్లు కాస్త గొంతు తగ్గించి అడిగితే చాలు, ఆమె కాదనలేదు. నీరసపడిన కూరగాయలు కూడా అలాగే ఇంటికి తెచ్చుకుంటుంది. తన మెత్తదనం ఎవరికీ హాని చెయ్యలేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది. ఇవాళ చేస్తుందేమోనని మొదటిసారి భయం వేసింది.

లైనుకు ఊపిరి వచ్చినప్పుడు, డాక్టరు నంబరు అందక, కనెక్షన్ తీసెయ్యమని ఫోన్ ఆఫీసుకు చెప్పేసింది. పిన్నిగారి మందు బాగానే పనిచేసింది. ఫోన్ ఆఫీసు అమ్మాయి గొంతే మారిపోయింది. మనిషిని ఇప్పుడే స్తంభం దగ్గరికి పంపుతామంది. ఈలోగా సూపర్‌వైజరు మాట్లాడతారని, ఆయనకు ఆమె స్వయంగా చెబితేనే చెల్లుతుందని చెప్పింది.

ఆమె ఎదురు చూసింది. గోడకు చెప్పినట్టు ‘తీసెయ్యండి’ అన్న ఆ ఒక్క మాటే పైకి అనుకుంటూ కూర్చుంది. మొదట పీలగా వచ్చిన గొంతు తర్వాత గట్టిపడింది.

“ఎవరే?” అంది పక్కగదిలోంచి తల్లి.

“ఎవరూ లేరమ్మా.”

“మరి ఆ గొంతెవరిది?”

ఎండ కిటికీ మీంచి దిగి నేల మీద సన్నబడింది. ఫోను మోగింది.

గరగర మధ్య ఒక మగగొంతు మునుగుతూ తేలుతూ వచ్చింది. “...చూశామండీ... ఇంక లాభం లేదు... ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

“తీసెయ్యండి,” అంది ఆమె.

“...వేరేచోట... అవకాశం... ఇంకోసారి ఆలోచించుకోండి.”

పిన్నిగారు చెప్పిన మాటే. ఆ గొంతులో జాలి కూడా ఉంది. ఇంత మర్యాద వీళ్లకు ఎప్పుడొచ్చిందో. ఎప్పటిలా లోపల ఏదో కరగబోయింది. ఆమె రిసీవరును రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

“ఆలోచించే చెబుతున్నాను. తీసెయ్యండి.”

“ఇక్కడ ఇంకొకరు కూడా వింటున్నారు... మీ బాధ్యత మీదే... తర్వాత మమ్మల్ని అనకూడదు.”

“అననండీ. ఎన్నిసార్లు అడిగినా నాది ఒకే మాట.”

“...సరేనమ్మా,” అంది ఆ గొంతు, బరువుగా. లైను తెగింది.

ఆమె రిసీవరు పెట్టేసింది. ఒకరు మెత్తగా అడిగినా తను వంగలేదు. ఇంత గట్టిదనం తనలో ఎక్కడ దాగుందో. తమ్ముడికి చెప్పాలి, నవ్వుతాడు. ఇంక లైను బాగుపడితే డాక్టరు ఫోను రావడమే తరువాయి.

అనుకుంటుండగానే మోగింది. రిసీవరు తీసింది. గరగర లేదు. అవతలి మనిషి ఊపిరి కూడా వినపడుతోంది.

“నమస్తే మేడం, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఫోన్ ఆఫీసు సూపర్‌వైజర్ని. మీ లైను ఇప్పుడే బాగుచేశాం. మరి కనెక్షన్ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”