డాబా మీద కాకులు

విదేశాల్లో ఉగ్రవాదుల మీద యుద్ధం చేసే సైన్యం ఇప్పుడు గడప కూడా దాటనక్కర్లేదు. హైమ పలాసలో, తమ ఇంటి వెనక గదిలో కూర్చుని, ఎక్కడో ఎడారి ఊరి మీద డ్రోను ఎగరేస్తోంది.

తెర మీద ఒక డాబా కనిపించింది. ఒకావిడ గుడ్డ పరిచి, దాని మీద వరసగా తెల్లటి ముద్దలేవో పెడుతోంది.

"పేలుడు పదార్థాలు. కాల్చడానికి అనుమతించండి," అంది డ్రోనును నడిపే యంత్రం.

హైమ వేలు మీట మీదికి వెళ్లింది. అంతలో తమ డాబా మీంచి అమ్మ కేకేసింది.

"ఓలమ్మీ, వడియాల మీద కాకులు వాలతన్నాయి! ఓపాలి రాయే!"

"డూటీలో ఉన్నానే!"

తెర మీది ఆవిడ కూడా కర్ర అందుకుని, వాలబోతున్న పిట్టను తరిమింది.

బాంబుల మీద పిట్టలు వాలకుండా ఎవరు కాపలా కాస్తారు? హైమ చప్పున వేలు తీసేసి, "అనుమతి లేదు" అంది. యంత్రం కారణం అడిగింది.

"తిండి ఎండబెట్టుకుంటోంది."

మరోసారి చూద్దామని డ్రోనును కాస్త కిందికి దించింది. ఆవిడ తలెత్తి చూసి, అదే కర్రను దాని మీదికీ ఝళిపించింది.

హైమ బిగబట్టిన ఊపిరి నవ్వుగా బయటికొచ్చింది.

"పోతన్నాన్లే అమ్మా, పోతన్నాను," అంటూ డ్రోనును వెనక్కి తిప్పింది.